కామెరీనో వంటి చిన్న ఇటలీ పట్టణంలో చదువు: రోజులు ఎలా గడుస్తాయి?

మున్నేటి ఒడ్డు

అందరికీ నమస్కారం. ఇటలీలో మార్కే ప్రాంతంలోని కామెరీనో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పీజీ కోర్సుకు నాకు సీటు వచ్చింది. వీసా గురించి, ఫీజుల గురించి కన్సల్టెన్సీ వారు కావలసినంత చెప్పారు. వారు చెప్పనిది, నేను అడిగినా దాటవేసినది ఒక్కటే: సోమవారం నుంచి ఆదివారం దాకా అక్కడ రోజు ఎలా గడుస్తుంది? ఏడు వేల లోపు జనాభా ఉన్న కొండ మీది ఊరని తెలిసింది. మా మండల కేంద్రమే అంతకంటే పెద్దది. హైదరాబాద్‌లో హాస్టల్ జీవితం గడిపినవాడిని కాబట్టి ఇల్లు వదిలి ఉండటం నాకు కొత్త కాదు గానీ, హాస్టల్ గేటు దాటగానే అన్నీ దొరికే చోటుకు, ఇలాంటి ఊరికి ఉండే తేడాను నేను ఊహించుకోలేకపోతున్నాను. మిలాన్, రోమ్ నగరాల సంగతి కాకుండా, చిన్న పట్టణాల్లో చదివినవారు, చదువుతున్నవారు తమకు తెలిసినది రాయగలరని మనవి.

సత్తెనపల్లి సుధ

నేను కామెరీనోలోనే రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 660 మీటర్ల ఎత్తున, కియెంతి, పొతెంజా నదుల లోయల మధ్య ఉన్న కొండ మీద ఉంటుంది. ఏ వైపు చూసినా కొండలే. దక్షిణాన సిబిల్లీని పర్వతాలు వసంతం దాకా మంచుతో కనిపిస్తాయి. విశ్వవిద్యాలయం తన మూలాలు 1336లో ఉన్నాయని చెప్పుకుంటుంది. ఊరికి ప్రధాన ఆధారం కూడా ఆ విశ్వవిద్యాలయమే కాబట్టి విద్యార్థిని ఎవరూ వింతగా చూడరు. భారతీయ విద్యార్థులు ఎక్కువగానే ఉన్నారు, వారిలో తెలుగువారూ ఉన్నారు.

మీరు ముందుగా అలవాటు పడవలసినది ఊరి వేళలకు. దుకాణాలు ఉదయం తెరిచి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూస్తారు, మళ్లీ నాలుగు గంటల తరువాత తెరిచి ఏడున్నర, ఎనిమిది దాకా ఉంచుతారు. సూపర్‌మార్కెట్లు కొంత నయం గానీ, రాత్రి తొమ్మిదికి పాల ప్యాకెట్ కోసం బయలుదేరితే ఖాళీ చేతులతో తిరిగి రావలసిందే. ఆదివారం ఊరు దాదాపు మూతపడుతుంది. చిన్న ఊళ్లలో తపాలా కార్యాలయాలు చాలావరకు ఒంటిగంటన్నర దాటితే ఉండవు. ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండుగకు అటూ ఇటూ అయితే దంత వైద్యుడు మొదలుకొని మంగలి దాకా ఎవరూ దొరకరు. ఏ పనినైనా ఉదయం పూట పెట్టుకోవాలన్నది ఇక్కడ మొదటి నెలలోనే ఒంటపడుతుంది.

మొదటి నెల కాగితాలతోనే గడుస్తుంది. పన్ను సంఖ్య అయిన కోడిచే ఫిస్కాలే 16 అక్షరాలు, అంకెలు కలిసినది. అది లేకపోతే ఇంటి ఒప్పందం, బ్యాంకు ఖాతా, చివరకు ఫోన్ సిమ్ కూడా కష్టమే. దానికి రుసుము లేదు. నివాస అనుమతి అయిన పెర్మెస్సో ది సొజ్జోర్నో కోసం ఇటలీలో అడుగుపెట్టిన 8 పని దినాల్లో దరఖాస్తు చేయాలి. ‘స్పోర్తెల్లో అమికో’ అనే కౌంటరు ఉన్న తపాలా కార్యాలయంలో దరఖాస్తు కవరు ఉచితంగా ఇస్తారు. పొగాకు దుకాణంలో 16 యూరోల స్టాంపు కొని అతికించాలి. ఏడాది అనుమతికి ప్రభుత్వ రుసుము 40, కార్డుకు 30.46, తపాలాకు 30 యూరోలు కలిపితే మొత్తం ఖర్చు 116 యూరోలు దాటుతుంది. వేలిముద్రలకు ప్రావిన్స్ కేంద్రమైన మచెరాతాలోని పోలీసు కార్యాలయానికి, అంటే క్వెస్తూరాకు, వెళ్లాలి. కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. అప్పటి దాకా తపాలా వారిచ్చిన రసీదే మీ ఆధారం. దాన్ని పాస్‌పోర్టుతో పాటు జాగ్రత్త చేసుకోండి. వీసా గడువు తీరిన తరువాత ఆ రసీదుతో నేరుగా భారతదేశానికి వెళ్లి రావచ్చు గానీ, జర్మనీ లేదా ఫ్రాన్స్ మీదుగా విమానం మారే టికెట్ మాత్రం కొనవద్దు.

అడ్రియాటిక్ గాలి

సుధ గారు రాసినదంతా నిజమే. నేను మాత్రం మరో వైపు చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చే మన పిల్లల్లో చాలామందిని తరువాత బాధపెట్టేది ఈ సంగతే. నేను ఈ ప్రాంతంలోనే చదువు ముగించి ఇప్పుడు బొలోన్యాలో ఉద్యోగం చేస్తున్నాను.

విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటలు పని చేయవచ్చని కన్సల్టెన్సీల వారు చెబుతారు. చట్టం అలాగే ఉంది. అయితే ఏడు వేల మంది ఉన్న ఊళ్లో ఆ 20 గంటల పని ఇచ్చేదెవరు? ఉన్న కొద్ది రెస్టరెంట్లు, కాఫీ బార్లు కుటుంబాలు నడుపుకునేవి. వారికి మనిషి కావలసి వచ్చినా ఇటాలియన్ మాట్లాడేవారినే పెట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆర్డరు ఇచ్చిన భోజనాన్ని సైకిల్ మీద చేరవేసే పని మిలాన్‌లో దొరుకుతుందేమో గానీ కొండ ఊళ్లో దాని మీద ఆశ పెట్టుకోకూడదు. అందువల్ల ‘అక్కడికి వెళ్లాక పార్ట్ టైమ్ చేసి అద్దె కట్టుకుంటాను’ అని లెక్క వేసుకుని బ్యాంకులో అప్పు చేసి రావడం నాకు సమ్మతం కాదు.

ఒక వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఆ 20 గంటలను ఏడాది మొత్తానికి కలిపి వాడుకోవచ్చు. ఏడాదికి పరిమితి 1,040 గంటలు. అంటే చదువు సాగే నెలల్లో పని మానుకుని, పరీక్షలు ముగిసిన వేసవిలో సముద్రతీరంలోని హోటళ్లలో పూర్తికాలం పని చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. చివితానోవా నుంచి రీమినీ దాకా తీరం పొడుగునా జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు మనుషులు కావాలి. అక్కడ కూడా భాష వస్తేనే ముందు నిలబెడతారు, రాకపోతే గిన్నెల దగ్గర నిలబెడతారు.

మున్నేటి ఒడ్డు

అన్నగారూ, మీరు చెప్పినది విని కొంచెం గుండె జారింది. మా ఇంట్లో లెక్క అచ్చంగా మీరు వద్దన్నట్లే వేశారు. ప్రాంతీయ ఉపకార వేతనం వస్తే పని అవసరం ఉండదని కూడా విన్నాను. అది నమ్మదగినదేనా?

అడ్రియాటిక్ గాలి

నమ్మదగినదే, అయితే ముందే చేతిలో ఉన్నట్టు లెక్కలో వేసుకోకూడదు తమ్ముడూ. మార్కే ప్రాంతంలో ఉపకార వేతనాలు, వసతి, భోజనశాలలు చూసే సంస్థ పేరు ఎర్దిస్. తల్లిదండ్రుల ఆదాయం, ఆస్తి ఆధారంగా ‘ఇజే పరిఫికాతో’ అనే లెక్క ఒకటి తీయించుకోవాలి. దానికి రెండేళ్ల కిందటి ఆదాయ పత్రాలు, ఆ ఏడాది డిసెంబరు 31న బ్యాంకు ఖాతాల్లో ఉన్న నిల్వ, కుటుంబ సభ్యుల వివరాలు, సొంత ఇల్లు ఉంటే దాని వైశాల్యం చదరపు మీటర్లలో కావాలి. విదేశంలో ఉన్న ఇంటికి చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున విలువ కడతారు. అది మన మార్కెట్ ధర చూసి కట్టే విలువ కాదు. పత్రాలన్నింటికీ మన విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి వేసే ధృవీకరణ ముద్ర), ఇటాలియన్ అనువాదం ఉండాలి. ఈ పని ఇక్కడికి వచ్చాక చేయడం కుదరదు. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక మీ నాన్నగారికి ఉన్నప్పుడే, మీరు విమానం ఎక్కక ముందే పూర్తి చేసుకోండి.

వేతనం వచ్చిన తరువాత రెండు షరతులు గుర్తుంచుకోవాలి. మొదటి సంవత్సరం విద్యార్థి ఆగస్టు 10 లోగా 20 క్రెడిట్లు సంపాదించాలి; అప్పుడే రెండో విడత చేతికి వస్తుంది. నవంబరు 30 నాటికి కూడా ఆ 20 పూర్తి కాకపోతే వేతనం రద్దవుతుంది, అప్పటిదాకా తీసుకున్నది తిరిగి కట్టమంటారు. రెండోది ఇంటి ఒప్పందం. దూరం నుంచి వచ్చిన విద్యార్థికి ఇచ్చే పెద్ద మొత్తం మీకు రావాలంటే కనీసం 10 నెలల అద్దె ఒప్పందం పన్నుల శాఖలో నమోదై ఉండాలి. ‘నమోదు ఎందుకు, నాలుగు డబ్బులు తగ్గిస్తాను’ అని ఇంటి యజమాని ఎంత ఆప్యాయంగా చెప్పినా ఒప్పుకోవద్దు. మొదటి విడత వచ్చేసరికి చలికాలం మధ్యకు వస్తుంది కాబట్టి తొలి నెలలకు సొంత డబ్బు ఉండి తీరాలి.

హనుమకొండ నాన్న

నేను విద్యార్థిని కాను. మా అమ్మాయికి ఇదే విశ్వవిద్యాలయంలో ప్రవేశం వచ్చింది. ఆ ఊరు భూకంపాల ఊరని, సగం ఊరు ఇంకా ఖాళీగానే ఉందని బంధువులు చెబుతున్నారు. తల్లి నిద్రపోవడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆడపిల్ల ఒంటరిగా తిరగడానికి ఆ ఊరు ఎలాంటిది?

సత్తెనపల్లి సుధ

బాబాయి గారూ, మీ బంధువులు చెప్పినది నిజమే, కానీ అది సగమే. 2016 అక్టోబరు 26 సాయంత్రం ఇక్కడ భూమి కంపించింది. ఏడు గంటల ప్రాంతంలో వచ్చిన మొదటి ప్రకంపనకు జనం ఇళ్ల నుంచి బయటికి వచ్చారు. రెండు గంటల తరువాత అంతకంటే బలమైనది వచ్చి సాంతా మరియా ఇన్ వియా చర్చి గంటల గోపురం పక్క ఇంటి మీద కూలింది. నాలుగు రోజులకు, అక్టోబరు 30న, నోర్చా అనే పట్టణం దగ్గర 6.5 తీవ్రతతో మరొకటి వచ్చింది. మొదటి ప్రకంపన హెచ్చరికలా పని చేయడం వల్ల ఊళ్లో శిథిలాల కింద పడి ఎవరూ చనిపోలేదు. అయితే కోట గోడల లోపలి పాత పట్టణం నివాసానికి పనికిరాకుండా పోయి, ప్రవేశం నిషేధించిన ప్రాంతమైంది. పునర్నిర్మాణం చాలా నిదానంగా సాగుతోంది, పాత వీధుల్లో క్రేన్లు, ఇనుప ఊతాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అందమైన పాత ఇటలీ వీధిలో కిటికీ పక్కన కూర్చుని చదువుకోవడం అనే ఊహతో ఎవరైనా వస్తుంటే, కామెరీనోలో అది దొరకదని ముందే చెప్పాలి.

విశ్వవిద్యాలయం మాత్రం ఆ భూకంపం తరువాత కొద్ది వారాల్లోనే తరగతులు మొదలుపెట్టింది. ‘భవిష్యత్తు కూలిపోదు’ అన్నది అప్పటి వారి నినాదం. ఇప్పుడు మా తరగతులు, గ్రంథాలయం, వసతి గృహాలు ఎక్కువగా పాత పట్టణానికి వెలుపల ఉన్నాయి. భూకంపం తరువాత కట్టిన వసతి భవనాలు ఆ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. అమ్మాయికి వసతి గృహంలో చోటు దొరికితే అదే తీసుకోమనండి. ప్రైవేటు గదుల అద్దె మిలాన్‌తో పోలిస్తే చాలా తక్కువే, కానీ భూకంపంలో ఇళ్లు పోయినందువల్ల గదులే తక్కువ. ఫొటోలు చూసి ముందే డబ్బు పంపకుండా, వచ్చి చూసుకుని ఒప్పందం చేసుకోవాలి.

భద్రత విషయానికి వస్తే, గ్రంథాలయం నుంచి రాత్రి పది దాటాక మేము అమ్మాయిలం నడిచి వస్తాం, భయం అనిపించదు. భయం కంటే చీకటి ఎక్కువ: క్యాంపస్ నుంచి ఊరికి వచ్చే దారిలో కొన్ని చోట్ల కాలిబాట ఉండదు, చలికాలంలో నేల మీద మంచు గడ్డకట్టి జారుతుంది. మంచి పట్టున్న బూట్లు, ఒక టార్చి లైటు కొనివ్వండి. అత్యవసరానికి 112. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో జ్వరం వస్తే ‘గార్దియా మెదికా’ అనే వైద్య సేవ ఉంటుంది. ప్రభుత్వ వైద్య సేవలో స్వచ్ఛందంగా చేరడానికి విద్యార్థులు కట్టవలసిన మొత్తం 2024 నుంచి ఏడాదికి 700 యూరోలయింది. అంతకు ముందు 150 కంటే తక్కువ ఉండేది. అందువల్ల ఇప్పుడు చాలామంది తక్కువ ఖర్చు బీమాతో సరిపెట్టుకుంటున్నారు. అలాంటి బీమాలు సాధారణంగా ఆసుపత్రి అత్యవసరాలకే పనికివస్తాయి, కళ్లకూ పళ్లకూ కాదు. వచ్చే ముందు ఆ రెండూ అక్కడే చూపించుకోవడం మంచిది.

హనుమకొండ నాన్న

చాలా సంతోషం తల్లీ. ఇది మా ఆవిడకు చదివి వినిపిస్తాను.

చారు ప్రియుడు

అందరూ పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు తెలిసినది రాస్తాను, ఇందులో నాకు అనుభవం కొంచెం ఎక్కువే.

విశ్వవిద్యాలయ భోజనశాలను మెన్సా అంటారు. ఉపకార వేతనం ఉన్నవారికి అక్కడ భోజనం ఉచితం లేదా నామమాత్రపు ధరకు దొరుకుతుంది. ఒక పళ్లెంలో పాస్తా లేదా అన్నం, తరువాత మాంసం, చేప లేదా జున్ను, పక్కన కూర, రొట్టె, పండు ఇస్తారు. ఉప్పు తక్కువగా తోస్తుంది, కారం మాట చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతంలో రొట్టెలోనే ఉప్పు వేయని అలవాటు ఉంది. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివారు ప్రతి రోజూ అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఎర్రటి సాసులో ఖీమా కలిపి ఉంటుంది, చిక్కుడు గింజల సూపులో కూడా రుచి కోసం పంది మాంసం ముక్కలు వేస్తారు. ఈ ఊళ్ల గర్వకారణమైన చియావుస్కొలో రొట్టె మీద రాసుకునే మెత్తటి పంది మాంసపు సాసేజి. పండుగలకు చేసే విన్చిస్గ్రాస్సి పొరలు పొరలుగా మాంసంతో చేసిన పాస్తా. తినేవారికి అవి వైభోగమే. శాకాహారికి టమాటా పాస్తా, జున్ను, ఉడికించిన ఆకుకూర రోజూ దొరుకుతాయి; ఆ పద్ధతిలో నెల దాటితే ఇంట్లో వంట చేయక తప్పదు.

బియ్యం గురించి ముందే చెబుతున్నాను. సూపర్‌మార్కెట్‌లో కనిపించే ఆర్బోరియో, కర్నరోలి బియ్యం రిజోత్తో అనే మెత్తటి అన్నపు వంటకం కోసం పండించినవి. అన్నం వండితే ముద్దవుతుంది. పసుపు రంగు పెట్టెలో దొరికే ఉప్పుడు బియ్యం గానీ బాస్మతి గానీ తీసుకోవాలి. సోనా మసూరి కావాలంటే మచెరాతా, అంకోనా, రోమ్ వైపు ఆసియా దుకాణాలకు వెళ్లినప్పుడు తెచ్చుకోవడమే. కందిపప్పు కూడా అక్కడే. అయితే కామెరీనో వారికి ఒక అదృష్టం ఉంది: సిబిల్లీని పర్వతాల్లో సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న కాస్తెల్లుచ్చో మైదానంలో చిన్న గింజల మసూర్ పండుతుంది. ఇటలీ అంతటా దానికి పేరు. పొట్టు తీయనవసరం లేదు, నానబెట్టనవసరం కూడా లేదు. టమాటా, పచ్చిమిర్చి వేసి కుక్కర్‌లో పెట్టి, ఇంగువ పోపు వేస్తే పప్పు అద్భుతంగా ఉంటుంది. కొత్త సంవత్సరం రాత్రి ఇటలీ వారు కాసుల లాంటి ఆ గింజలు తింటే ఏడాదంతా డబ్బు ఉంటుందని నమ్ముతారు. మనం ఏడాదంతా తింటున్నా ఆ డబ్బు మాత్రం కనిపించలేదు.

గోంగూరకు మారు లేదు, వెతకవద్దు. చికోరియా అనే ఆకుకూర చేదుగా ఉంటుంది, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయిస్తే మెంతికూర దారిలో పడుతుంది. పెరుగుకు చక్కెర లేని పూర్తి పాల యోగర్ట్ కొని, దానితో తోడు పెట్టుకోవచ్చు. చలికాలంలో గది వేడి చేసే రేడియేటర్ పక్కన పెడితే తెల్లవారేసరికి తోడుకుంటుంది. రాత్రి రేడియేటర్ ఆపేస్తే తోడుకోదు. సామాను విషయంలో ఐరోపా నియమాలు కఠినంగా ఉన్నాయి: పాలతో చేసినవి, మాంసంతో చేసినవి భారతదేశం నుంచి తేకూడదు, అంటే నెయ్యి, కోవా మిఠాయిలు, కోడి పచ్చడి కుదరవు. పచ్చి కరివేపాకు కూడా ధృవపత్రం లేకుండా తేకూడదు, ఎండబెట్టినది తెచ్చుకోవచ్చు. ఆవకాయ, నువ్వుల పొడి, కంది పొడి నిరభ్యంతరంగా తెచ్చుకోండి, సీసా మూత మీద మైనం పూసి, రెండు సంచుల్లో కట్టి.

ఉర్బీనో వాసి

చారు ప్రియుడు గారూ, వంట చెప్పి మీటరు చెప్పలేదేమిటి? ఇటలీ ఇళ్లలో సాధారణంగా 3 కిలోవాట్ల విద్యుత్ కనెక్షన్ ఉంటుంది. రైస్ కుక్కర్, బట్టల యంత్రం, విద్యుత్ హీటరు ఒకేసారి వేస్తే ఇల్లంతా చీకటవుతుంది. మీటరు కింద మెట్ల దగ్గర ఉంటే చలిలో దిగి వెళ్లి దాని స్విచ్ పైకి లేపాలి. ఇంట్లో ఉన్నవాళ్లు ముందే మాట్లాడుకుని బట్టలు ఉతికే వేళ పెట్టుకుంటారు. చెత్త కూడా అంతే. కాగితం, ప్లాస్టిక్, గాజు, తడి చెత్త వేరువేరుగా, వేరువేరు రోజుల్లో గుమ్మం ముందు పెట్టాలి. తప్పు రోజు పెట్టిన సంచి అక్కడే ఉండిపోతుంది, పక్కింటి ముసలమ్మ గారు దాన్ని గురించి వారం రోజులు గుర్తు చేస్తారు.

నేను ఇదే ప్రాంతంలో ఉన్న ఉర్బీనోలో పరిశోధక విద్యార్థిని. చిత్రకారుడు రఫాయెల్ 1483లో పుట్టిన ఊరు ఇది. పట్టణంలో నివసించేవారి సంఖ్యకు దాదాపు సమానంగా విద్యార్థులు ఉంటారు. అందం విషయంలో కామెరీనో కంటే మేము అదృష్టవంతులం, రాకపోకల విషయంలో కాదు. ఇక్కడికి వచ్చే రైలు మార్గాన్ని 1987లో మూసేశారు. అప్పటి నుంచి పెజారో దాకా వచ్చి బస్సు ఎక్కవలసిందే.

మున్నేటి ఒడ్డు గారు వారం ఎలా గడుస్తుందని అడిగారు కాబట్టి ఇది రాయాలి. ఇటలీ విద్యార్థుల్లో చాలామంది శుక్రవారం మధ్యాహ్నం చక్రాల పెట్టె లాక్కుంటూ సొంత ఊరికి వెళ్లిపోతారు. ఆదివారం రాత్రి అమ్మ వండిన కూరల డబ్బాలతో తిరిగి వస్తారు. అందుకే ఇక్కడ విద్యార్థుల సందడి రాత్రి గురువారం, శనివారం కాదు. శని, ఆదివారాలు దూరదేశపు విద్యార్థులకు మాత్రమే మిగులుతాయి: బస్సులు తక్కువ, దుకాణాలు మూత, వసతి గృహం నడవాలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. మన పిల్లలు దిగులు పడేది పరీక్షలకు కాదు, ఆ ఆదివారాలకే. క్రికెట్ జట్టు గానీ, కొండలెక్కే బృందం గానీ, ఇటాలియన్ సంభాషణ తరగతి గానీ, ఏదో ఒకటి ఆ రోజుకు కేటాయించుకోవాలి. మొదటి సెమిస్టరులోనే ఇటలీ స్నేహితుడు ఒకడు ‘ఈ వారం మా ఇంటికి రా’ అంటే మొహమాటపడకుండా వెళ్లండి. అక్కడ నేర్చుకునేది తరగతిలో నేర్పరు.

పరీక్షల పద్ధతి మన దానికి భిన్నం. మార్కులు 30కి, 18 వస్తే పాసు, అసాధారణంగా రాస్తే 30తో పాటు ప్రశంస. చాలా సబ్జెక్టుల్లో నోటి పరీక్ష ఉంటుంది: ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని, వెనుక తోటి విద్యార్థులు వింటుండగా జవాబు చెప్పాలి. జనవరి–ఫిబ్రవరి, జూన్–జులై, సెప్టెంబరు నెలల్లో తేదీలు ఇస్తారు, ఎప్పుడు కూర్చోవాలో మీ ఇష్టం. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ రాయవచ్చు. ఈ స్వేచ్ఛ మన వాళ్లలో కొందరిని ముంచుతుంది; ‘తరువాతి తేదీకి చూద్దాం’ అంటూ జరుపుకుంటూ పోతే, అడ్రియాటిక్ గాలి గారు చెప్పిన ఆగస్టు 10 ముంచుకొస్తుంది.

తెనాలి తమ్ముడు

ఒక సందేహం. మేము ఐదుగురం తెలుగువాళ్లం కలిసి వస్తున్నాం. ఒకే ఇల్లు తీసుకుంటే అద్దె, వంట, దిగులు మూడూ తగ్గుతాయని అనుకుంటున్నాం. సరైన ఆలోచనేనా?

అడ్రియాటిక్ గాలి

అద్దె తగ్గుతుంది, వంట తగ్గుతుంది, ఇటాలియన్ కూడా తగ్గుతుంది. మీ కోర్సు ఇంగ్లీషులో ఉంటుంది. ఊరు ఇటాలియన్‌లో ఉంటుంది. తపాలా గుమాస్తా, ఇంటి యజమాని, మందుల దుకాణం, బస్సు డ్రైవరు, రేపు ఇంటర్న్‌షిప్ ఇచ్చే కంపెనీ, వీరెవ్వరూ మీ కోర్సులో లేరు. నా తోటివారిలో తెలుగు ఇంట్లోనే చదువు ముగించినవారు డిగ్రీ చేతిలో ఉన్నా ఉద్యోగం కోసం దేశం దాటి పోవలసి వచ్చింది. ఈ ప్రాంతంలో బూట్ల కంపెనీలు, గృహోపకరణాల కంపెనీలు, వాటికి సాఫ్ట్‌వేర్ చేసి పెట్టే చిన్న సంస్థలు ఉన్నాయి. వాటిలో పని ఇటాలియన్‌లోనే సాగుతుంది.

సత్తెనపల్లి సుధ

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మొదటి చలికాలంలో నాకు జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చినది పక్క గదిలోని ప్రకాశం జిల్లా అక్క. తెలుగు మాట వినిపించని ఇంట్లో ఉండి మొదటి సెమిస్టరులోనే వెనక్కి వెళ్లిపోయినవారినీ చూశాను. ఐదుగురు ఒకే ఇంట్లో ఉండటం మాత్రం ఎక్కువే. ఇద్దరు, మిగిలినవి ఇటలీ వారి గదులు అయితే బాగుంటుంది. విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులకు ఇటాలియన్ తరగతులు నడుపుతుంది. వాటికి తప్పకుండా వెళ్లాలి, మన వాళ్లలో సగం మంది మొదటి నెల తరువాత మానేస్తారు. ఇంకా, మే నెలలో ఊరిని కాపాడతాడని నమ్మే సాధువు సాన్ వెనాంజో పండుగ వస్తుంది. ఊరి మూడు పేటల వాళ్లు పాత కాలపు వేషాలతో ఊరేగి, కత్తి కోసం పరుగు పందెం పెడతారు. ఆ పనుల్లో సాయం చేస్తామని ముందుకు వస్తే కాదనరు. నాకు ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఏర్పడింది అక్కడే.

అడ్రియాటిక్ గాలి

ఇద్దరు అంటే నాకూ అభ్యంతరం లేదు సుధ గారూ. వచ్చే ముందు మూడు నెలలు ఇక్కడి భాష నేర్చుకుని రమ్మనండి, చాలు.

మున్నేటి ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారితో కూర్చుని లెక్క మళ్లీ వేశాం. పని జీతం గీత కొట్టేశాం, అపోస్టిల్ పని మొదలైంది, ఇటాలియన్ తరగతికి కూడా చేరాను. చివరి ప్రశ్న: రోమ్ విమానాశ్రయంలో దిగి కామెరీనో చేరడం ఎలా? నాకు దొరుకుతున్న చౌక టికెట్ శనివారం రాత్రి పదిన్నరకు దింపుతుంది.

సత్తెనపల్లి సుధ

ఆ టికెట్ కొనవద్దు. రోమ్‌లోని తిబుర్తీనా బస్టాండు నుంచి కామెరీనోకు బస్సు ఉంది, కానీ అది రోజంతా నడిచేది కాదు. రైలులో అయితే అంకోనా వైపు వెళ్లే బండి ఎక్కి ఫాబ్రియానోలో దిగి, చిన్న బండి మారి, కాస్తెల్‌రైమొందో–కామెరీనో స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ పేరులో కామెరీనో ఉన్నా ఊరు అక్కడికి సుమారు పది కిలోమీటర్ల దూరాన కొండ మీద ఉంటుంది. పైకి బస్సు పట్టుకోవాలి, ఆదివారం ఆ బస్సులు బాగా తక్కువ. ఉదయం పూట దిగే విమానం, అదీ సోమవారం నుంచి గురువారం లోపు, చూసుకోండి. అది దొరకకపోతే రాత్రికి తిబుర్తీనా దగ్గర గది తీసుకుని తెల్లవారి బయలుదేరండి. బస్సు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. విశ్వవిద్యాలయం తెరిచే సెప్టెంబరు చివర్లో సీట్లు నిండిపోతాయి.

చారు ప్రియుడు

కుక్కర్ చేతి సామానులో పెట్టుకోవద్దు, పెద్ద పెట్టెలో పెట్టండి. విద్యుత్ 230 వోల్టులే కాబట్టి మన మిక్సీ పని చేస్తుంది. మన మూడు పిన్నుల ప్లగ్ మాత్రం ఇక్కడి సాకెట్‌లో దూరదు, అడాప్టర్ హైదరాబాద్‌లోనే కొనుక్కోండి.